ప్యాకేజీలోని అదనం దేనికి?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి మాట వచ్చినప్పుడు ముందుగా వినిపించే ప్రశ్న ప్యాకేజీ ఎంత అన్నదే. పెళ్లి సంబంధాల దగ్గర అడిగేది అదే, గృహరుణం ఇచ్చే ముందు బ్యాంకు చూసేదీ అదే. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుంది, తయారైనది ఎవరి జీవితంలోకి వెళ్లి ఏం చేస్తుంది అన్న ప్రశ్న మాత్రం దాదాపు ఎవరూ వేయరు. దీనికి కారణం లేకపోలేదు. ఇతర సంస్థల కోసం సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ల వార్షిక జీతం పదేళ్లకు పైగా మూడు, నాలుగు లక్షల రూపాయల మధ్యే తిరుగుతోంది. అదే కాలంలో నగరంలో అద్దెలూ భూముల ధరలూ అందనంత పైకి వెళ్లాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూముల్లో ఒకచోట ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. ఇలాంటి ఊళ్లో బతుకుతున్న మనిషికి, జీతం రెట్టింపు చేస్తామన్న కంపెనీని ముందు అనుమానించమని చెప్పడం తేలిక కాదు. అయినా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆ రెట్టింపు జీతం కొన్నిసార్లు ఇదే ఊళ్లోని మరొకరి నష్టం నుంచి వస్తోంది.

ఎక్కువ జీతం దానంతట అది తప్పు కాదు. అసలు పరిశీలించవలసినది మొత్తం జీతాన్ని కాదు, అందులోని అదనాన్ని. ఒకే నైపుణ్యం, ఒకే అనుభవం ఉన్న మనిషికి మార్కెట్‌లో సాధారణంగా దొరికే దానికంటే ఒక కంపెనీ బాగా ఎక్కువ ఇస్తోందంటే, ఆ తేడాకు ఏదో ఒక కారణం ఉండాలి. అసహ్యమైన పనులకు వేతనం ఎక్కువ ఉంటుందని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే గమనించాడు. అన్ని వృత్తుల్లోకీ అత్యంత హేయమైన తలారి పనికి, చేసే శ్రమతో పోల్చి చూస్తే, మామూలు వృత్తులన్నిటికంటే ఎక్కువ ముడుతుందని ఆయన ఉదాహరణ ఇచ్చాడు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ అదనానికి నిర్దోషమైన కారణాలు చాలానే ఉంటాయి. ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు తక్కువ మంది కావచ్చు, కంపెనీ కొత్తది కాబట్టి మూతపడే ప్రమాదం ఉండవచ్చు, రాత్రి షిఫ్టులు ఉండవచ్చు. వీటిలో ఏదీ సరిపోనప్పుడు మిగిలే వివరణ ఒక్కటే: తెలిసి తెలిసి చాలామంది చేయడానికి ఇష్టపడని పని అక్కడ ఉంది, లేదా అక్కడ చూసినదాన్ని బయట చెప్పకుండా ఉండటానికి ఆ డబ్బు ఇస్తున్నారు.

డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటల కంపెనీల సంగతి చూస్తే ఇది కొంత అర్థమవుతుంది. తెలంగాణ 2017లోనే ఈ ఆటలను నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ దారి పట్టింది. అనుమతి ఉన్న ఇతర రాష్ట్రాల్లో వ్యాపారం సాగింది కాబట్టి, ఆ కంపెనీలకు ఇంజనీర్ల అవసరమూ కొనసాగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి డబ్బుతో ఆడే ఆటలను దేశమంతటా నిషేధించగానే, పెద్ద కంపెనీలు రోజుల వ్యవధిలో ఆ ఆటలను ఆపేశాయి. వందలాది మంది ఉద్యోగాలు పోయాయి. అక్కడి జీతాల్లో కొంత భాగం చట్టం ఏ రోజైనా తలుపు మూసేయవచ్చన్న అనిశ్చితికి చెల్లించినదేనని అప్పుడు తెలిసింది. ఇంతకుమించి ఆ రంగం గురించి ఇక్కడ చెప్పనవసరం లేదు. ఎక్కువ లోతుగా చూడవలసిన ఉదాహరణలు వేరే ఉన్నాయి, అవి ఈ నగరంలోనే జరిగాయి.

2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు తక్షణ రుణాల యాప్‌ల మీద కేసులు పెట్టి, కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు ఆ వ్యాపారం నడిచే తీరు బయటపడింది. వారం రోజుల గడువుతో చిన్న అప్పు, అందులో ముందుగానే కొంత కోత, గడువు దాటితే రోజురోజుకూ పెరిగే జరిమానా. ఇంతవరకూ ఇది పాత వడ్డీ వ్యాపారమే. కొత్తగా చేరింది ఒక చిన్న సాంకేతిక అంశం. యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి తీసుకుని, వాటిని సర్వర్‌కు పంపుకొనేవారు. అప్పు కట్టలేనివారి బంధువులకూ స్నేహితులకూ సహోద్యోగులకూ ఫోన్లు చేసి, ఫొటోలు పంపి పరువు తీయడమే వసూలు పద్ధతి. ఆ వేధింపులకు తాళలేక ఆత్మహత్య చేసుకున్నవారిలో సిద్దిపేట ప్రాంతంలో పనిచేసిన ఒక వ్యవసాయ అధికారి, రాజేంద్రనగర్ ప్రాంతంలో ఉద్యోగం పోయిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా ఉన్నారు.

ఆ కాంటాక్టులను సర్వర్‌కు పంపే కోడ్‌ను ఎవరో ఒకరు రాశారు. సాంకేతికంగా అది గంటల్లో ముగిసే పని, వాట్సాప్‌లాంటి యాప్‌లు కూడా కాంటాక్టుల జాబితాను చదువుతాయి. రాసిన వ్యక్తికి పై నుంచి వచ్చిన ఆదేశంలో పరువు తీయడం అన్న మాట ఉండి ఉండదు, రిస్క్ అంచనా కోసమనో రిఫరెన్సుల కోసమనో చెప్పి ఉంటారు. అయితే అప్పిచ్చే యాప్‌కు అప్పు తీసుకున్నవారి స్నేహితులందరి నంబర్లూ ఎందుకని ఒక్కసారి అడిగి ఉంటే, నిజాయితీగా చెప్పగలిగిన సమాధానం దొరికేది కాదు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో రుణ యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని చెప్పింది. 2023లో గూగుల్ ప్లే స్టోర్ కూడా వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు అందకుండా నిబంధన పెట్టింది. నిబంధన రాకముందు పని చేసినవారు చట్టాన్ని ఉల్లంఘించారా అన్నది ఒక ప్రశ్న. చట్టం లేని ఆ ఖాళీలో బాధితుడికీ నష్టానికీ మధ్య నిలబడగలిగినది ఆ ఇంజనీరు ఒక్కరే అన్నది వేరే సంగతి, అదే ఎక్కువ బరువైనది.

రెండో ఉదాహరణలో అదనపు జీతం ప్రసక్తి లేదు, అందుకే అది మరింత ఇబ్బందికరమైనది. తెలంగాణ ప్రభుత్వం పలు శాఖల డేటాబేసులను కలిపి ఒక్కో కుటుంబం వివరాలను ఒకచోట చూపే సమగ్ర వేదిక అనే వ్యవస్థను నిర్మించింది. ఒక డేటాబేసులోని మనిషీ మరో డేటాబేసులోని మనిషీ ఒకరేనా కాదా అని పేరు, చిరునామా వంటి వివరాల పోలికతో తేల్చే సాఫ్ట్‌వేర్ అందులో కీలకం. అనర్హులను ఏరివేయడం దాని ఉద్దేశం. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి, ఆ కుటుంబాలకు ముందుగా నోటీసు కూడా అందలేదు. పేర్ల పోలికలో జరిగిన పొరపాటు వల్ల రిక్షా లాగి బతికిన మనిషిని కారు యజమానిగా గుర్తించి, ఆ కుటుంబానికి బియ్యం ఆపేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. చివరికి 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని ఆదేశించవలసి వచ్చింది.

పాతబస్తీలో ఒకే పేరున్నవాళ్లు ఒక్క గల్లీలోనే నలుగురైదుగురు ఉండవచ్చు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, ఓటరు కార్డులో మరొకటి ఉండటం తెలుగునాట ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఈ సంగతి ఆ కోడ్ రాసినవారికీ తెలుసు, ఎందుకంటే వారి ఇంట్లోనూ అదే పరిస్థితి ఉండి ఉంటుంది. పోలికల్లో తొంభై తొమ్మిది శాతం సరిగ్గా ఉంటే సాంకేతిక సమావేశంలో దాన్ని మంచి ఫలితమనే అంటారు. పది లక్షల కార్డులకు అదే లెక్క వర్తిస్తే పది వేల కుటుంబాల అన్నం తప్పుగా పోతుంది. ఇక్కడ ఎవరికీ దురుద్దేశం ఉండనక్కరలేదు, ఎవరి జీతమూ అసాధారణంగా ఉండనక్కరలేదు. జీతంలోని అదనాన్ని చూడటం మొదటి పరీక్ష మాత్రమే, దానితో అన్నీ దొరకవని ఈ ఉదంతం చెబుతోంది. యంత్రం తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎవరి మీద పడుతుంది, వాళ్లు దాన్ని ప్రశ్నించగలిగే స్థితిలో ఉన్నారా అన్నది రెండో పరీక్ష. సినిమాలు సూచించే యాప్ తప్పు చేస్తే చూసేవాళ్లు మరో సినిమా పెట్టుకుంటారు. రేషన్, అప్పు, పోలీసుల ముఖ గుర్తింపు వంటి చోట్ల అవతలి మనిషికి ఆ వెసులుబాటు లేదు. తన విషయంలో ఒక యంత్రం తీర్పు చెప్పిందని కూడా చాలాసార్లు ఆ మనిషికి తెలియదు.

ఇలాంటి పనుల్లో ఉన్నవారు తమకు తాము చెప్పుకొనే సమాధానాల్లో అన్నిటికంటే బలమైనది, నేను కాకపోతే ఇంకొకరు చేస్తారన్నది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ కేంద్రాల నుంచి ఏటా బయటకు వచ్చే వేలమందిని చూస్తే, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఎదురుచూస్తున్న ఉద్యోగులను చూస్తే, ఆ మాటలో నిజం కనిపిస్తుంది. మూడున్నర లక్షల జీతానికి పనిచేసే ఫ్రెషర్ ఒకరు ప్రాజెక్టు వద్దంటే, మధ్యాహ్నానికల్లా మరొకరు ఆ కుర్చీలో ఉంటారు. అయితే జీతం పెరిగే కొద్దీ ఈ వాదన బలహీనపడుతుంది. నలభై లక్షలు ఇస్తున్నది ఆ నైపుణ్యం అరుదు కాబట్టి, ఆ మనిషి స్థానంలో మరొకరిని తేవడం కష్టం కాబట్టి. జీతం మాట్లాడుకునేటప్పుడు తనలాంటివారు దొరకరని చెప్పి, పని ఫలితం గురించి అడిగినప్పుడు ఎవరైనా చేసేవారేనని అనడం కుదరదు. ఈ రెండింటిలో ఒకటే నిజం. ఎక్కువ జీతం పొందేవారి బాధ్యత తక్కువ జీతం వారికంటే ఎక్కువ కావడానికి కారణం ఇదే, ధనవంతులు త్యాగం చేయాలన్న నీతి దీనికి అవసరం లేదు.

క్లయింట్ అడిగిందే చేశామన్నది రెండో సమాధానం. సర్వీస్ కంపెనీల నగరం కావడం వల్ల హైదరాబాద్‌కు ఈ మాట బాగా అలవాటు. పనిని ఎంత సన్నగా ముక్కలు చేస్తే ఒక్కో ముక్క చేసేవారికి మొత్తం అంతగా కనిపించకుండా పోతుందన్నది వాస్తవం. తెలిసి చేసినప్పుడు మాత్రం న్యాయస్థానాలు ఈ సాకును ఒప్పుకోవు. డీజిల్ కార్ల కాలుష్య పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ విషయంలో ఫోక్స్‌వాగన్ ఇంజనీరు జేమ్స్ లియాంగ్‌కు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు శిక్ష వేసింది. ఆయన కంపెనీ అధిపతి కాదు, పై నుంచి వచ్చిన లక్ష్యాన్ని సాధించిన ఇంజనీరు. హైదరాబాద్ ఇంతకంటే దగ్గరి పాఠాన్ని 2009 జనవరిలో చూసింది. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లోని వేల కోట్లు కల్పితమని ఆ సంస్థ అధిపతే లేఖ రాసిన తర్వాత జరిగిన దర్యాప్తులో, వేల సంఖ్యలో నకిలీ ఇన్‌వాయిస్‌లను కంపెనీ సొంత వ్యవస్థలోనే సృష్టించారని సీబీఐ తేల్చింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషులుగా ప్రకటించిన పదిమందిలో కంపెనీ అధిపతులు, ఆడిటర్లతో పాటు కింది స్థాయి మాజీ ఉద్యోగులూ ఉన్నారు. ఆ శిక్షలపై తర్వాత అప్పీళ్లు నడిచాయి. వేలాది నిర్దోషులైన ఉద్యోగులు మాత్రం తాము చేయని తప్పుకు నెలల తరబడి జీతం వస్తుందో రాదో తెలియక గడిపారు.

లోపలే ఉండి మార్చవచ్చన్న మాటకు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఒకే కంపెనీ నుంచి సాక్ష్యం దొరుకుతుంది. అమెరికా రక్షణ శాఖ డ్రోన్ దృశ్యాల విశ్లేషణ కోసం చేపట్టిన ప్రాజెక్ట్ మేవెన్‌లో గూగుల్ పాల్గొనడాన్ని వ్యతిరేకిస్తూ 2018లో వేలమంది ఉద్యోగులు లేఖ మీద సంతకాలు చేశారు, కొందరు రాజీనామా చేశారు, కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వంతో ఉన్న క్లౌడ్ ఒప్పందానికి నిరసన తెలిపిన పదుల మంది ఉద్యోగులను అదే కంపెనీ తొలగించింది. 2025 ఫిబ్రవరిలో ఆయుధాలకు కృత్రిమ మేధను వాడబోమన్న పాత హామీని తన నియమావళి నుంచి తీసేసింది. ఈ ఆరేడేళ్లలో మారింది ఉద్యోగుల మనస్సాక్షి కాదు, ఉద్యోగాల మార్కెట్. 2018లో ఇంజనీరు వెళ్లిపోతాడన్న భయం కంపెనీకి ఉంది, 2024 నాటికి ఉద్యోగం పోతుందన్న భయం ఇంజనీరుకు వచ్చింది. లోపలి నుంచి మార్చే శక్తి సద్భావన నుంచి రాదు, బయటకు వెళ్లగలిగే శక్తి నుంచి వస్తుంది. నిర్ణయాలు సియాటిల్‌లోనో కాలిఫోర్నియాలోనో జరిగి, పని మాత్రం గచ్చిబౌలిలో జరిగే బృందాలకు ఆ శక్తి ఇంకా తక్కువ.

బాగా సంపాదించి మంచికి ఖర్చు పెడతామన్న వాదన కూడా ఉంది. ఆ సిద్ధాంతానికి ఆదర్శంగా చూపించిన క్రిప్టో వ్యాపారి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కు ఖాతాదారుల సొమ్ము మోసం కేసులో 2024లో 25 ఏళ్ల శిక్ష పడింది. దానం గొప్పదే. అయితే నష్టపోయినవారూ దానం అందుకునేవారూ వేర్వేరు మనుషులు. వీరికి ఇచ్చినంత మాత్రాన వారి ఖాతా సరిపోదు.

ఇంతవరకూ చెప్పినదంతా ఉద్యోగి వద్దనగలడన్న ఊహ మీద ఆధారపడి ఉంది. వాస్తవంలో చాలామంది అనలేరు, ఆ అశక్తత ఆఫర్ లెటర్ వచ్చిన రోజున పుట్టదు, అంతకుముందే తయారవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదువుకుని, తండ్రి పొలం మీది అప్పూ చెల్లెలి పెళ్లీ తన నెత్తిన ఉన్న మొదటి తరం ఇంజనీరుకు జీతం విలాసం కాదు. ఆ అప్పు తీర్చడం కూడా నైతిక బాధ్యతే. అలాంటి వ్యక్తి మచ్చలేని కంపెనీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలని కడుపు నిండినవారు చెప్పడం అన్యాయం. నష్టం పరోక్షంగా, స్వల్పంగా ఉండే ఉద్యోగంలో రెండేళ్లు పనిచేసి బయటపడటం ఆ పరిస్థితిలో సమర్థించదగిన నిర్ణయమే. కష్టమంతా ఆ బయటపడటంలో ఉంది. అప్పు తీరిన మర్నాడే నార్సింగిలోనో తెల్లాపూర్‌లోనో ఇరవై ఏళ్ల ఈఎంఐతో ఫ్లాటు తీసుకుంటే, మొదటి అప్పు కుటుంబ బాధ్యత అయితే రెండోది కంపెనీకి ఇచ్చిన హామీపత్రం. రెండేళ్లనుకున్నది పదేళ్లవుతుంది.

వద్దనే శక్తిని పోగొట్టే దారి ఈ నగరంలో మరొకటి ఉంది, దాని గురించి బహిరంగంగా మాట్లాడటం అరుదు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పత్రాలతోనో, తమ బదులు మరొకరు హాజరైన ప్రాక్సీ ఇంటర్వ్యూతోనో ఉద్యోగంలోకి వచ్చినవారు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అన్న మాట వింటేనే ఉలిక్కిపడే స్థితిలో ఉంటారు. కళ్లముందు ఎంత పెద్ద తప్పు జరిగినా వాళ్లు నోరెత్తలేరు, ఎత్తితే ముందు బయటపడేది వాళ్ల రెజ్యూమే. ప్రవేశంలో చేసిన చిన్న రాజీ ఆ తర్వాతి రాజీలన్నిటికీ బయానా అవుతుంది. అవకాశాల కొరత ఈ దారిని పెంచిందన్నది నిజమే, దానివల్ల ఫలితం మాత్రం మారదు.

చట్టం నుంచి దొరికే రక్షణ పరిమితమే. తప్పును బయటపెట్టేవారి రక్షణ కోసం 2014లో చేసిన చట్టం ప్రభుత్వ రంగంలోని అవినీతికి సంబంధించినది. పార్లమెంటు ఆమోదం పొందినా అది అమలులోకి రాలేదు. ప్రైవేటు రంగంలో లిస్టెడ్ కంపెనీలు ఫిర్యాదుల యంత్రాంగం ఒకటి పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది, అది ఎంత పనిచేస్తుందన్నది ఆ కంపెనీని బట్టి ఉంటుంది. ఉద్యోగికి అనుకూలమైన పాత నిబంధన ఒకటుంది: 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మానేసిన తర్వాత పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు సాధారణంగా చెల్లదు. దాన్ని చూపించి భయపెట్టే యాజమాన్యాలకు లొంగనక్కరలేదు. జాయినింగ్ బోనస్‌ను వెనక్కి ఇవ్వాలన్న క్లాబ్యాక్ షరతు, నాలుగేళ్లలో విడతలుగా చేతికి వచ్చే షేర్లు, తొంభై రోజుల నోటీస్ పీరియడ్ మాత్రం నిజమైన సంకెళ్లు. వెళ్లేటప్పుడు మౌనానికి విడిగా ధర కట్టే కంపెనీలూ ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో నకిలీ ఖాతాల రాజకీయ వినియోగాన్ని పరిశోధించిన డేటా శాస్త్రవేత్త సోఫీ జాంగ్ 2020లో ఉద్యోగం కోల్పోయినప్పుడు, కంపెనీని విమర్శించకూడదన్న షరతుతో ఇవ్వజూపిన సుమారు 64 వేల డాలర్లను వద్దన్నారు. ఆమె తర్వాత బయటపెట్టిన వివరాల్లో భారతదేశానికి సంబంధించినవి కూడా ఉన్నాయి.

చేరకముందే తెలుసుకోగలిగినవి అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. వినియోగదారులకు నేరుగా అమ్మే కంపెనీ అయితే దాని యాప్‌ను సొంత ఫోన్‌లో వేసుకుని, ఏ అనుమతులు అడుగుతోందో, ఖాతా మూసేయడానికి ఎన్ని మెట్లు ఎక్కిస్తోందో చూడవచ్చు. వినియోగదారులను తికమక పెట్టి డబ్బు లాగే 13 రకాల డిజైన్ పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో గుర్తించి నిషేధించింది, ఆ జాబితాతో యాప్‌ను పోల్చి చూడటానికి ఒక సాయంత్రం చాలు. రుణాల కంపెనీ అయితే అది ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ తరఫున అప్పులిస్తోందో, ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు 2025 నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతున్న జాబితాలో ఉందో లేదో చూడాలి. ప్రభుత్వ ప్రాజెక్టు అయితే తప్పుగా తొలగించిన మనిషి ఎక్కడ అప్పీలు చేసుకోవాలో, దానికి జవాబు ఎన్నాళ్లలో వస్తుందో ఇంటర్వ్యూలోనే అడగాలి. జవాబు చెప్పలేని మేనేజరు ఆ ప్రశ్న గురించి ఎన్నడూ ఆలోచించలేదని అర్థం. ఏడాది తిరగకుండా ఆ బృందం నుంచి వెళ్లిపోయినవారు లింక్డ్‌ఇన్‌లో కనిపిస్తారు, వారిలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడితే కంపెనీ హెచ్ఆర్ విభాగం చెప్పనివి తెలుస్తాయి. ఆఫర్ లెటర్‌లో క్లాబ్యాక్ ఎంత, ఎన్ని నెలల వరకు అన్నది సంతకానికి ముందే లెక్కేసి, ఆ మొత్తాన్ని మొదటి ఏడాది జీతంలోంచి విడిగా పక్కన పెట్టుకుంటే, పని నచ్చని రోజున బయటకు రావడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.